ముసుగా? సంతకమా?

బొమ్మల కథ అనగానే పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టే అలవాటు మన విమర్శకుల్లో ఇంకా పోలేదు. చదువుకున్నవాళ్ళు చదవనిది సాహిత్యం కాదనుకోవడం ఎంత పొరపాటో, లక్షలమంది చదివేదాన్ని పరీక్షించకుండా వదిలేయడం అంత పొరపాటు. మా ఇబ్రహీంపట్నం చుట్టూ వున్న కళాశాలల్లో చదివే కుర్రవాళ్ళ చొక్కాలమీద, ఫోన్లమీద ఒక తెల్లని ముసుగు బొమ్మ కనిపిస్తూ వుంటుంది: పైకి తిరిగిన మీసం, సన్నని గడ్డం, ఎప్పటికీ చెరగని నవ్వు. అదెవరిదని అడిగితే కొందరు సినిమా పేరు చెబుతారు, కొందరు విప్లవం గుర్తు అంటారు. ఆ ముసుగు వెనక ఒక బొమ్మల నవల వుంది. ఆ నవల ప్రభుత్వ సెన్సారు గురించి, దానిమీద తిరుగుబాటు గురించి ఒక సిద్ధాంతం చెబుతుంది. దాన్ని విద్యార్థులు తమకు తెలియకుండానే చొక్కాతోపాటు తొడుక్కుంటున్నారు. కాబట్టి ఆ సిద్ధాంతం ఏమిటో, అందులో నిలిచేదెంతో, నిలవనిదెంతో తేల్చి చూడవలసిన బాధ్యత మనమీద వుంది.

'వి ఫర్ వెండెట్టా' అనే ఈ రచనకు మాటలు రాసినవాడు ఆలన్ మూర్, బొమ్మలు గీసినవాడు డేవిడ్ లాయిడ్. ఇద్దరూ ఇంగ్లండువాళ్ళు. 1982లో 'వారియర్' అనే పత్రికలో నలుపు తెలుపుల్లో ధారావాహికగా మొదలయింది. 1985లో ఆ పత్రిక ఆగిపోవడంతో కథ మధ్యలో నిలిచిపోయింది. తర్వాత అమెరికాలోని డి.సి. కామిక్స్ సంస్థ 1988-89లో రంగులద్ది పది సంచికలుగా పూర్తిచేయించింది. కథాకాలం 1997-98. అణుయుద్ధంలో ప్రపంచం చాలావరకు నాశనమైపోయింది. బ్రిటన్ మిగిలింది. కరువులో, గందరగోళంలో ఒక ఫాసిస్టు పార్టీ గద్దెనెక్కింది. నల్లవాళ్ళను, ఆసియావాళ్ళను, సోషలిస్టులను, స్వలింగ ప్రేమికులను నిర్బంధ శిబిరాలకు పంపింది. పుస్తకాలు, పాటలు, నాటకాలు మాయమైనాయి. అటువంటి శిబిరంనుంచి తప్పించుకున్న ఒక ఖైదీ, 1605లో ఇంగ్లండు పార్లమెంటును పేల్చబోయి పట్టుబడిన గై ఫాక్స్ ముసుగు వేసుకుని, ఒక్కడే ప్రభుత్వాన్ని కూలదోయడానికి పూనుకుంటాడు. అతనికి పేరు లేదు. 'వి' అనే అక్షరమే పేరు.

ముందుగా ఇందులోని బలాన్ని చెప్పాలి. బలాన్ని ఒప్పుకోకుండా బలహీనతను చూపించే విమర్శకు విలువ లేదు.

సెన్సారు అంటే ఎర్రసిరా పట్టుకుని కూర్చున్న ఒక గుమాస్తా అని మనలో చాలామంది ఊహ. మూర్ ఊహ అంతకంటే లోతైనది. అతని ఫాసిస్టు ప్రభుత్వం ఒక శరీరం. నాయకుడి కార్యాలయం పేరు 'తల'. ప్రజలను చూసే శాఖ 'కన్ను'. టెలిఫోన్లు వినే శాఖ 'చెవి'. నేరాలు పసిగట్టే శాఖ 'ముక్కు'. కొట్టి చంపే శాఖ 'వేలు'. ప్రచారం చేసే శాఖ 'నోరు'. ఇందులో సెన్సారు అని ప్రత్యేకంగా ఒక శాఖ లేకపోవడం గమనించదగినది. రాజ్యమే మనిషి శరీరాన్ని అనుకరించినప్పుడు, మనుషులకు సొంత కళ్ళూ చెవులూ నోరూ మిగలవు. వేరే సెన్సారు ఎందుకు? మాట్లాడే అవయవాలన్నీ ప్రభుత్వానివే అయిన తర్వాత కత్తిరించవలసిన మాటే పుట్టదు.

ఆ 'నోటి'కి ఒక గొంతు కూడా వుంది. లూయిస్ ప్రొథెరో అనేవాడు ప్రతిరోజూ రేడియోలో 'విధి' పేరుతో మాట్లాడతాడు. ప్రజలు ఆ గొంతు యంత్రానిదని నమ్ముతారు. వీడే ఒకప్పుడు శిబిరానికి అధికారి. వి అతన్ని ఎత్తుకుపోయి మతి చెడగొడతాడు. మర్నాడు రేడియోలో వేరే గొంతు వినపడేసరికి జనానికి అనుమానం తగులుతుంది. ప్రభుత్వ అధికారం తుపాకీలో ఎంత వుందో, రోజూ ఒకే తీరుగా వినపడే గొంతులో అంత వుందని ఈ ఘట్టం చెప్పినంత సూటిగా చెప్పిన రచనలు తక్కువ. లాయిడ్ బొమ్మల శిల్పం కూడా ఇందుకు తగినట్టే వుంది. మామూలు కామిక్కుల్లో వుండే చప్పుళ్ళ అక్షరాలు గాని, పాత్రల ఆలోచనల బుడగలు గాని ఇందులో లేవు. మనసులో మాట కూడా పైకి రాని దేశాన్ని ఆ నిశ్శబ్దంతోనే చూపించాడు.

పుస్తకంలో అన్నిటికంటే గొప్ప భాగం వాలరీ అనే నటి ఉత్తరం. శిబిరంలో చావబోతూ, మరుగుదొడ్డి కాగితంమీద పెన్సిలు ముక్కతో తన జీవితకథ రాసి పక్క గదిలోకి చేరవేస్తుంది. చదివేవాడెవరో ఆమెకు తెలియదు. అయినా రాస్తుంది. ఇది చదువుతున్నప్పుడు మనకు నిజామాబాదు జైలు గుర్తుకు రాక మానదు. నిజాం పాలన చివరి రోజుల్లో అక్కడ బందీగా వున్న దాశరథి కృష్ణమాచార్య, కాగితమూ కలమూ లేక, బొగ్గుముక్కతో గోడలమీద పద్యాలు రాశాడు. ఇంగ్లండు రచయిత ఊహించినదాన్ని మన కవి అనుభవించాడు. అంతమాత్రాన మనది గొప్ప, వాళ్ళది తక్కువ అనడం నా ఉద్దేశం కాదు. ఊహ సత్యానికి అంత దగ్గరగా పోయిందంటే అది మంచి సాహిత్యమే.

ఇక్కడినుంచి నా అభ్యంతరాలు మొదలవుతాయి.

ఈ నవలలో ప్రజలెక్కడ? వెతికితే కనిపిస్తారు: రేడియో ముందు, టెలివిజన్ ముందు, సారాదుకాణంలో. కథంతా వాళ్ళు ప్రేక్షకులే. వి జోర్డన్ టవర్ అనే ప్రసార కేంద్రంలోకి చొరబడి దేశమంతటికీ మాట్లాడే ఘట్టం చాలా పేరు పొందింది. ఆ ప్రసంగంలో అతను మానవజాతిని, పని సరిగ్గా చేయని గుమాస్తాను యజమాని గదిలోకి పిలిచి మందలించినట్టు మందలిస్తాడు, గడువు పెట్టి బెదిరిస్తాడు. మూర్ దీన్ని వ్యంగ్యంగానే రాశాడు, కాదనను. అయినా ఆ వ్యంగ్యంలో అసలు ఆలోచన దాగదు. నియంతలను ఎన్నుకున్న తప్పు ప్రజలది, బుద్ధి చెప్పే హక్కు ముసుగు మనిషిది. ప్రభుత్వపు గొంతు పోయి వి గొంతు వచ్చింది. వినేవాళ్ళు మాత్రం కుర్చీల్లోంచి లేవలేదు. ప్రసార యంత్రం చేతులు మారడం ఒకటి, ప్రజలకు నోరు రావడం మరొకటి. ఈ రెంటినీ ఒకటిగా చూపించడం ఈ నవలలోని మొదటి లోపం.

ఈవీ అనే పదహారేళ్ళ ఫ్యాక్టరీ పిల్లకు అతను నేర్పే చదువు ఇంకా అన్యాయం. ప్రభుత్వ జైలని నమ్మించి, తానే ఆమెను బంధించి, తల గొరిగించి, ప్రశ్నలతో హింసించి, చివరకు ఇదంతా నీ స్వేచ్ఛకోసమే చేశానంటాడు. ఆమె ఒప్పుకుంటుంది. శ్రామిక బాలికకు చైతన్యం కలగడానికి తోటి శ్రామికులు అక్కరలేదట, ఒక మేధావి పెట్టే చిత్రహింస చాలట!

మన చరిత్రలో సెన్సారును ఎట్లా ఎదిరించారో చూస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాదు సంస్థానంలో గస్తీ నిషాన్ తిర్పన్, అంటే 53వ నెంబరు సర్క్యులర్, సభ పెట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలనేది. గ్రంథాలయం తెరవడం కూడా అనుమానించదగిన పని. అటువంటి చోట 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వచ్చింది. తెలంగాణంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో ఆ పత్రిక తరఫున 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ప్రభుత్వం ఆమోదించిన సంపాదకీయాలే అచ్చు వేయాలని నిర్బంధం వచ్చినప్పుడు సురవరం చేసిన పని ప్రతి పత్రికా విద్యార్థి తెలుసుకోదగినది. సంపాదకీయం స్థలంలో ప్రపంచ మేధావుల సూక్తులు ఏరి అచ్చు వేశాడు. అందులో ప్రభుత్వాన్ని తిట్టిన మాట ఒక్కటీ వుండదు. ఏ సూక్తి ఏ దొరకు తగులుతుందో చదివేవాడికి తెలుసు. దానిని ఆపడానికి ప్రభుత్వానికి దారి దొరకలేదు.

ఈ ఎత్తు పారడానికి సంపాదకుడి తెలివి ఒక్కటే చాలదు. రెండు మాటల మధ్య ఖాళీని చదవగల పాఠకులు వుండాలి. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు? గ్రంథాలయాలనుంచి, రాత్రి బడులనుంచి, 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకున్న ఆంధ్రమహాసభనుంచి, అది గ్రామాల్లో 'సంఘం'గా మారిన తర్వాత ఆ సంఘంనుంచి వచ్చారు. వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. మూర్ కథలో వి నిషేధించిన పుస్తకాలనూ పాటలనూ భూగర్భ మందిరంలో అందంగా దాచుకుంటాడు. ఆ మందిరంలోకి అతను తెచ్చుకున్న పిల్లకు తప్ప మరొకరికి ప్రవేశం లేదు. ఆళ్వారుస్వామి పుస్తకాన్ని దాచలేదు, పంచాడు. ఇద్దరిలో సెన్సారుకు నిజమైన శత్రువు ఎవరు?

ఇక సంతకం సంగతి. మందుముల నరసింగరావు 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపేవాడు. నిజాం ప్రభుత్వం దాన్ని మూయించింది. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్, బూర్గుల రామకృష్ణారావు ప్రభృతుల సహాయంతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' పెట్టాడు. ఇమ్రోజ్ అంటే నేడు అని అర్థం. రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండిస్తూ, సంస్థానం భారతదేశంలో కలవాలని వాదిస్తూ, హైదరాబాదు నగరం నడిబొడ్డున, తన పేరుతో ఉర్దూలో రాశాడు. రజాకార్లు ఏ మతం పేరు చెప్పి గొంతులు నొక్కారో ఆ మతంలోనే పుట్టినవాడు అతను. ఇది హిందువులకూ ముస్లిములకూ మధ్య జరిగిన తగాదా అని నేడు కథలల్లేవాళ్ళు ఈ పేరును దాటి పోవడానికే చూస్తారు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక పని ముగించుకుని ఇంటికి పోతుండగా కాచిగూడ దగ్గర అతన్ని కాల్చారు. రాసిన చేతిని నరికారు. వెంట వున్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ చేయి కూడా తెగింది. షోయబుల్లాఖాన్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

హంతకులు చేతిని ఎందుకు నరికినట్టు? ప్రాణం తీయడానికి గుండు చాలు. చేతిని నరకడం మిగతా రాతగాళ్ళకు పంపిన హెచ్చరిక. సెన్సారు భయపడేది ముసుగుకు కాదు, సంతకానికి. ముసుగు ఎవరిదైనా కావచ్చు. కాబట్టి ఎవరిదీ కాదు. సంతకం కింద ఒక మనిషి, అతని ఇల్లు, అతని భార్యాబిడ్డలు, అతని మాటకు అతని పూచీ వుంటాయి. ఆ పూచీని చూసే పాఠకుడు నమ్ముతాడు.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుంది. తెలంగాణా సాయుధ పోరాటంలో నాయకులు మారుపేర్లతో తిరగలేదా, కరపత్రాలు పేరు లేకుండా రాలేదా, రహస్యం లేకుండా నిర్బంధంలో పనిచేయడం ఎట్లా అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మారుపేరు వేరు, ముసుగు వేరు. మారుపేరు పోలీసులనుంచి దాచుతుంది, ప్రజలనుంచి దాచదు. రాత్రి వచ్చిన దళంవాడికి అన్నం పెట్టిన తల్లికి అతనెవరో తెలుసు, లేదా అతన్ని పంపిన సంఘం ఏదో తెలుసు. అడిగే హక్కు, తప్పు చేస్తే నిలదీసే హక్కు ఆమెకు వున్నాయి. వి ముఖం ఈవీకి కూడా కనిపించదు. చచ్చిపోయిన తర్వాత కూడా ఆమె ముసుగు తీయదు. దీన్ని మూర్ కవిత్వంగా భావించాడు. నాకు ఇందులో ప్రమాదం కనిపిస్తుంది. ప్రజలకు జవాబు చెప్పనక్కరలేని విమోచకుడు, ప్రజలకు జవాబు చెప్పని నాయకుడికి మరీ దూరం కాడు. ప్రభుత్వం నడిపే 'ఫేట్' అనే యంత్రం వి చేతిలో కూడా వుందని కథలోనే తెలుస్తుంది. మూర్ నిజాయితీగల రచయిత కాబట్టి ఆ సంగతి దాచలేదు. ముందుకు తోసి ప్రశ్నించనూ లేదు.

నా రెండో అభ్యంతరం సెన్సారు స్వరూపం గురించి. మూర్ ప్రపంచంలో నోరు ఒక్కటే, అది ప్రభుత్వానిది. 1988 ముందుమాటలో అతనే ఒక సంగతి ఒప్పుకున్నాడు: ఇంగ్లండు ఫాసిజం వైపు జరగడానికి అణుయుద్ధమంత పెద్ద ఉపద్రవం కావాలనుకోవడం తన అమాయకత్వమని. థాచర్ పాలన చూశాక అన్న మాట అది. ఆ దారిలో ఇంకో అడుగు వేసి వుంటే సెన్సారుకు ప్రభుత్వపు నోరు కూడా అవసరం లేదని తెలిసేది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975-77లో, మనకు పాతరకం సెన్సారు కనిపించింది. ప్రతి వార్తా ముందుగా చూపించాలి. 1975 ఆగస్టులో శంకర్స్ వీక్లీ అనే కార్టూన్ల పత్రిక మూతపడింది. అది కంటికి కనిపించే శత్రువు. తర్వాతి కాలపు శత్రువు అంత తేలిగ్గా కనపడదు.

2014 జూన్‌లో, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొద్దిరోజులకే, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్ళను కేబుల్ నిర్వాహకులు ఆపేశారు. శాసనసభ్యులమీద టీవీ9 ప్రసారం చేసిన ఒక వ్యంగ్య కార్యక్రమం దీనికి నేపథ్యం. ప్రభుత్వం తనకు సంబంధం లేదన్నది. ఆ కార్యక్రమం తెలంగాణ ప్రజల యాసనూ ఆత్మగౌరవాన్నీ గాయపరిచిందా అన్నది చర్చించదగిన ప్రశ్నే. చర్చకు మార్గం తీగ కోయడం కాదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2430 నెంబరు ఉత్తర్వుతో, నిరాధారమనిపించిన వార్తలమీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2021 మేలో రెండు తెలుగు ఛానళ్ళమీద రాజద్రోహం కేసు పెడితే, వాటిమీద నిర్బంధ చర్యలు వద్దని సుప్రీంకోర్టు ఆపవలసివచ్చింది. 2025 ఫిబ్రవరిలో పొరుగున తమిళనాడులో వికటన్ పత్రిక వెబ్‌సైటు మూతపడింది. ప్రధానమంత్రిని సంకెళ్ళతో అమెరికా అధ్యక్షుడి పక్కన కూర్చోబెట్టిన ఒక కార్టూనే కారణం. బొమ్మకు పాలకులు ఎంత భయపడతారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. వీటిలో ఏ ఒక్క చోటా మూర్ ఊహించిన 'వేలు' తలుపు బద్దలు కొట్టలేదు. ఒక చోట తీగ, ఒక చోట ఉత్తర్వు, ఒక చోట కేసు, ఒక చోట మీట. వీటన్నిటి వెనక ఇంకొకటి వుంది: యాజమాన్యం. ఛానలు ఎవరి పెట్టుబడితో నడుస్తుందో, ప్రకటనలు ఎవరిస్తారో, వాటిని బట్టి విలేకరి చేయి రాయకముందే ఆగిపోతుంది. ఆ చేతిని ఎవరూ నరకనక్కరలేదు.

డబ్బు చేసే పనికి ఈ నవలే సాక్ష్యం. 2006లో దీన్ని సినిమా తీశారు. మూర్ తన పేరు వద్దన్నాడు. సినిమాలో అరాచకవాద చర్చ పలచబడి, మంచి ప్రభుత్వానికీ చెడ్డ ప్రభుత్వానికీ జరిగే పోరాటంగా మిగిలింది. 2011లో న్యూయార్కులో, లండనులో సంపన్నుల దోపిడికి వ్యతిరేకంగా చౌరస్తాలు ఆక్రమించిన యువకులు ఆ ముసుగులే తొడుక్కున్నారు. అమ్ముడైన అసలు ముసుగు ప్రతిదాని మీదా సినిమా హక్కులున్న టైమ్ వార్నర్ సంస్థకు రుసుము ముట్టింది. తిరుగుబాటును నిషేధించడం కంటే దుకాణంలో పెట్టి అమ్మడం లాభసాటి అని పెట్టుబడికి తెలుసు. సంతకాన్ని అట్లా అచ్చుపోసి అమ్మడం కష్టం.

ఇంతవరకు చెప్పి ఆగితే అర్ధసత్యమే చెప్పినవాణ్ణవుతాను. సెన్సారు ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే వుంటుందనుకోవడం మన అభ్యుదయవాదులకు హాయిగా వుంటుంది. నిజాం పోయాడు, తెలంగాణా రైతుల పత్రికలకు, పాటలకు స్వేచ్ఛ రాలేదు. మద్రాసు రాష్ట్రంలో 'మాభూమి' నాటకం నిషేధానికి గురయింది, 1948లో 'ప్రజాశక్తి' ఆగిపోయింది. ఇవి మనం తరచు చెప్పుకుంటాం. చెప్పుకోనివి కూడా వున్నాయి. ఇటువంటి భవిష్యద్భయ నవలలకు ఆద్యుడైన జమ్యాతిన్ 1920-21లో రాసిన 'మేము' నవల సోవియట్ దేశంలో అచ్చు కావడానికి 1988 దాకా ఆగవలసివచ్చింది. 1946లో అఖ్మతోవానూ జోషెంకోనూ రచయితల సంఘంనుంచి వెళ్ళగొట్టారు. శత్రువులు చుట్టుముట్టిన కాలమది అని సమర్థించవచ్చు. ప్రతి సెన్సారూ చెప్పే మాట అదే. గస్తీ తిర్పన్‌ను తప్పు పట్టే నోటితో దీన్ని ఒప్పుకుంటే, మనకు అక్కర సెన్సారు రద్దు కాదు, సెన్సారు కుర్చీ అని తేలుతుంది. ఆ కుర్చీనే లేకుండా చేయాలన్నది మూర్ పట్టుదల. అతని పద్ధతిని నేను ఒప్పుకోను. ఆ పట్టుదలను మాత్రం మనం నేర్చుకోవాలి.

కనుక 'వి ఫర్ వెండెట్టా'ను చదవవద్దని నేను విద్యార్థులకు చెప్పను. చదవమంటాను, గోలకొండ పత్రిక కథతోపాటు, ఇమ్రోజ్ కథతోపాటు చదవమంటాను. భయాన్ని ఎట్లా గుర్తుపట్టాలో ఆ బొమ్మల నవల నేర్పుతుంది. భయాన్ని నలుగురు కలిసి ఎట్లా దాటాలో అందులో దొరకదు. అది మన గ్రంథాలయాల చరిత్రలో, పుస్తకాల మూట మోసిన భుజంలో, సూక్తిలోని గూఢార్థం పట్టుకున్న పాఠకుడిలో దొరుకుతుంది. గోడపత్రిక రాసే విద్యార్థి అడుగున తన పేరు రాయాలి. దాన్ని చించినవాడెవడో తెలిస్తే తోటివాళ్ళు నలుగురు అదే పత్రికను మళ్ళీ రాసి, నాలుగు పేర్లు పెట్టాలి. ఉపాధ్యాయుడు ఐదో పేరు చేర్చడానికి వెనుకాడకూడదు. ప్రభుత్వాలకు ముఖంలేని కోపాన్ని అణచడం తేలిక. పేర్ల జాబితా పెరుగుతూ పోతే దాన్ని అణచడం తేలిక కాదు.